ఎవరు, ఏమిటి, ఎక్కడ: ప్లగిన్లలో ఫైల్ అప్‌లోడ్ లోపాలపై ఒక సమీక్ష

ఉద్యోగానికి బయోడేటా, ఫిర్యాదుకు ఫొటో, అడ్మిషన్‌కు మార్కుల మెమో, టీషర్టు మీద వేయాల్సిన బొమ్మ. ఇవాళ ఏ వెబ్‌సైట్ చూసినా బయటివాళ్ల దగ్గర ఏదో ఒక ఫైల్ తీసుకుంటూనే ఉంటుంది. చాలాచోట్ల ఆ పని చేసేది సైట్ తయారుచేసినవారు సొంతంగా రాసుకున్న కోడ్ కాదు. ఉచితంగానో కొద్ది డబ్బుకో దొరికే ప్లగిన్. వచ్చిన ఫైల్‌ను ఆ ప్లగిన్ సరిగ్గా పరీక్షించకుండా సర్వర్‌లోకి చేర్చుకుంటే, సైట్ మొత్తం పరాయి చేతుల్లోకి పోవడానికి ఆ ఒక్క ఫైల్ చాలు. 2011 నుంచి ఇప్పటిదాకా, సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైట్ల మీద జరిగిన పెద్ద దాడుల్లో కొన్నింటి మూలం ఇదే. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి కనుక ఇది ఏ కొద్దిమంది ప్రోగ్రామర్లకో పరిమితమైన విషయం కాదు.

ముందు ప్రమాదం ఎలా పుడుతుందో చూడాలి. వర్డ్‌ప్రెస్, దాని ప్లగిన్లు పీహెచ్‌పీ భాషలో ఉంటాయి. సర్వర్‌లో వెబ్‌కు తెరిచి ఉన్న ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైల్ ఉంటే, బ్రౌజర్‌లో దాని చిరునామా కొట్టిన మరుక్షణం సర్వర్ ఆ ఫైల్‌ను చూపించదు, నడిపిస్తుంది. ఇంటికొచ్చిన ఉత్తరాన్ని చదవడం వేరు, అందులో రాసినట్టల్లా చేయడం వేరు. ఫొటో అయితే సర్వర్ చదివి చూపిస్తుంది. పీహెచ్‌పీ ఫైల్ అయితే అందులో రాసినట్టు చేస్తుంది. కాబట్టి ఫొటోలు పెట్టే ఫోల్డర్‌లోకి ఒక్క పీహెచ్‌పీ ఫైల్ పంపగలిగినవాడు ఆ సర్వర్‌కు ఆజ్ఞలు ఇవ్వగలడు. ఇలా పంపే ఫైల్‌ను వెబ్‌షెల్ అంటారు. అది పెద్దదేమీ కానక్కర్లేదు. 2012లో వెలుగులోకి వచ్చిన చైనా చాపర్ అనే ప్రసిద్ధ వెబ్‌షెల్‌లో సర్వర్ వైపు ఉండాల్సిన భాగం ఒక్క వరుస మాత్రమే.

ఆ ఒక్క వరుసతో ఏమేం పోతాయి? డేటాబేస్ పాస్‌వర్డ్ రాసి ఉన్న కాన్ఫిగరేషన్ ఫైల్ పోతుంది. దాంతోపాటు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆర్డర్లు పోతాయి. దాడి చేసినవాడు తన పేరిట కొత్త అడ్మిన్ ఖాతా తెరుచుకుంటాడు. ఒకే హోస్టింగ్ ఖాతాలో పది సైట్లు ఉంటే మిగతా తొమ్మిదింట్లోకీ వెళ్తాడు. మైక్రోసాఫ్ట్ 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన లెక్క ప్రకారం, అంతకుముందు ఆరు నెలల్లో సర్వర్ల మీద నెలకు సగటున 1,40,000 వెబ్‌షెల్ ఘటనలు కనిపించాయి. అంతకుముందు ఏడాది ఆ సగటు 77,000. అన్నీ ప్లగిన్ల ద్వారా వచ్చినవి కావు. అయినా లోపలికి రావడానికి దుండగులు ఈ పనిముట్టును ఎంతగా నమ్ముకున్నారో ఈ లెక్క చెబుతుంది.

భద్రతా నిపుణుల వర్గీకరణలో ఈ లోపానికి సీడబ్ల్యూఈ-434 అని నంబరు ఉంది. అత్యంత ప్రమాదకరమైన 25 లోపాల వార్షిక జాబితాలో 2021 నుంచి 2024 దాకా ఏటా ఇది పదో స్థానంలోనే ఉంది. మందు తెలిసిన జబ్బు అంతకాలం అదే స్థానంలో ఎందుకు ఉండిపోయింది? నా అభిప్రాయంలో దీన్ని చాలామంది ఒకే ప్రశ్నగా చూస్తున్నారు: వచ్చినది ఏ రకం ఫైల్? నిజానికి అడగాల్సినవి మూడు. పంపుతున్నది ఎవరు? పంపుతున్నది ఏమిటి? దాన్ని పెడుతున్నది ఎక్కడ? జరిగిన ఘటనలను ఈ మూడు ప్రశ్నల కింద పేర్చి చూస్తే, అందరూ తంటాలు పడే రెండో ప్రశ్న దగ్గర కంటే, ఎవరూ పట్టించుకోని ఒకటో, మూడో ప్రశ్నల దగ్గరే ఎక్కువ నష్టం జరిగిందని తేలుతుంది.

మొదటి ప్రశ్నకు మెయిల్‌పొయెట్ కథ మంచి ఉదాహరణ. ఇది న్యూస్‌లెటర్లు పంపే ప్లగిన్. 2014 జులై నాటికి దీన్ని 17 లక్షల సార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు. న్యూస్‌లెటర్ థీమ్ ఫైల్ అప్‌లోడ్ చేసే సౌకర్యం అడ్మిన్‌కు మాత్రమే ఉండాలని తయారీదారుల ఉద్దేశం. అందుకోసం వర్డ్‌ప్రెస్‌లో పేరులోనే 'అడ్మిన్' అని ఉన్న ఒక హుక్‌ను, అంటే ఫలానా సందర్భంలో తమ కోడ్ నడిచేలా తగిలించే కొక్కేన్ని, నమ్ముకున్నారు. అడ్మిన్ లాగిన్ అయినప్పుడే అది నడుస్తుందని అనుకున్నారు. కానీ లాగిన్ కాని మనిషి కూడా కొన్ని చిరునామాల ద్వారా దాన్ని నడిపించవచ్చు. సుకూరి అనే భద్రతా సంస్థ లోపాన్ని బయటపెట్టింది, జులై 1న 2.6.7 వెర్షన్‌తో సవరణ వచ్చింది. అయినా కొద్ది వారాల్లోనే దాదాపు 50,000 సైట్లకు మాల్వేర్ సోకిందని సుకూరి అంచనా వేసింది. వాటిలో మెయిల్‌పొయెట్ లేని సైట్లూ ఉన్నాయి. అదే హోస్టింగ్ ఖాతాలో పక్కన ఉన్న పాపానికి అవీ బలైపోయాయి.

రెవల్యూషన్ స్లైడర్‌ది ఇంకా విచారకరమైన కథ, ఎందుకంటే ఆ ప్లగిన్ తమ సైట్‌లో ఉందని చాలామంది యజమానులకు తెలియనే తెలియదు. డబ్బు పెట్టి కొన్న థీమ్‌తో కలిపి వచ్చేది. వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ జాబితాలో కనిపించేది కాదు. లోపాన్ని 2014 మొదట్లో తయారీదారులు చప్పుడు చేయకుండా సరిదిద్దారు. సెప్టెంబర్‌లో విషయం బయటికి పొక్కింది. డిసెంబర్‌లో ఆ లోపం గుండా సోక్‌సోక్ అనే మాల్వేర్ దాడి జరిగింది. గూగుల్ 11,000కు పైగా డొమైన్లను బ్లాక్‌లిస్టులో పెట్టాల్సి వచ్చింది. లాగిన్ లేనివారికి తెరిచి ఉంచిన ఒక దారి గుండా కాన్ఫిగరేషన్ ఫైల్‌ను బయటికి లాగడమూ, జిప్ ఫైల్‌ను లోపలికి పంపడమూ రెండూ సాధ్యమయ్యేవి. 2016లో పనామా పత్రాలు బయటపడినప్పుడు, అవి లీకైన మొసాక్ ఫొన్సెకా న్యాయ సంస్థ సైట్‌లో ఇదే ప్లగిన్ పాత వెర్షన్ ఉందని వర్డ్‌ఫెన్స్ అనే భద్రతా సంస్థ చూపించింది. పత్రాలు ఆ దారినే బయటికి పోయాయన్నది ఊహే, రుజువు కాలేదు. కానీ అంత గోప్యమైన వ్యాపారం చేసే సంస్థ తన వాకిలిని ఏళ్ల తరబడి అలా వదిలేసిందన్నది మాత్రం ఊహ కాదు.

ఇక 2020 సెప్టెంబర్ 1. ఆ రోజు ఫిన్లాండ్‌కు చెందిన సెరావో హోస్టింగ్ సంస్థ, డబ్ల్యూపీ ఫైల్ మేనేజర్ ప్లగిన్ ద్వారా సైట్లలోకి ఫైళ్లు చొరబడుతున్నాయని గుర్తించింది. అప్పటికి ఆ ప్లగిన్ 7 లక్షలకు పైగా సైట్లలో ఉంది. అందులో వాడిన ఎల్‌ఫైండర్ అనే లైబ్రరీలో నమూనా కోసం ఇచ్చిన ఒక ఫైల్ ఉంది. పొరపాటున కూడా నడవకూడదని దాని పేరు చివర వేరే తోక తగిలించి ఉంచారు. ప్లగిన్ తయారీదారులు ఆ తోక తీసేసి పీహెచ్‌పీ ఫైల్‌గా మార్చి విడుదల చేశారు. దానికి లాగిన్ తనిఖీ లేదు, అనుమతి తనిఖీ లేదు. ఎవరైనా నేరుగా పిలవవచ్చు, ఏ ఫైలైనా పెట్టవచ్చు. అదే రోజు 6.9 వెర్షన్‌తో సవరణ వచ్చింది. కొద్ది రోజుల్లోనే దాడి ప్రయత్నాలు లక్షల సైట్లను తాకాయి. లోపలికి దూరిన ఒకడు, తన తర్వాత ఇంకొకడు రాకుండా ఆ లోపభూయిష్టమైన ఫైల్‌కే పాస్‌వర్డ్ పెట్టుకున్నాడని వర్డ్‌ఫెన్స్ పరిశోధకులు రాశారు. యజమాని పెట్టాల్సిన తాళం దొంగ పెట్టాడు.

ఈ ఘటనల్లో ఫైల్ రకం తనిఖీ ఎంత గట్టిగా ఉంటే ఏం లాభం? అడ్మిన్ చేయాల్సిన పనిని దారినపోయే వ్యక్తి చేయగలగడమే అసలు తప్పు. ఫైల్ తీసుకోవడానికి వర్డ్‌ప్రెస్‌లో సిద్ధంగా ఒక ఫంక్షన్ ఉంది. అది రకాన్ని చూస్తుంది, పేరును శుభ్రం చేస్తుంది. పంపుతున్నవాడికి ఆ హక్కు ఉందా అని మాత్రం అడగదు. ఆ ప్రశ్న ప్లగిన్ రాసేవారే విడిగా అడగాలి. చాలామంది నాన్స్ అనే తాత్కాలిక టోకెన్‌ను పరీక్షించి అదే అనుమతి అనుకుంటారు. ఆ టోకెన్ ఎన్నో సందర్భాల్లో అందరికీ కనిపించే పేజీ సోర్సులోనే ఉంటుంది. అనుమతి తనిఖీకి నాన్స్‌ను నమ్ముకోవద్దని వర్డ్‌ప్రెస్ డెవలపర్ పత్రాల్లోనే స్పష్టంగా రాసి ఉంది.

రెండో ప్రశ్న 'ఏమిటి'. ఇక్కడ రాసేవారికీ విరగ్గొట్టేవారికీ మధ్య ఎడతెగని పోటీ. 2011 ఆగస్టులో బయటపడిన టిమ్‌థంబ్ లోపాన్ని దీనికి తొలి పెద్ద పాఠంగా చెప్పుకోవచ్చు. అది ఫొటోల పరిమాణం మార్చే చిన్న స్క్రిప్టు, ఎన్నో థీముల్లో ఉండేది. బయటి సైట్ల నుంచి ఫొటోలు తెచ్చుకునే వీలుంది కనుక ఫ్లికర్, బ్లాగర్, పికాసా వంటి కొన్ని పేర్లనే అనుమతించింది. అయితే ఆ పేరు చిరునామాలో ఎక్కడో ఒకచోట ఉంటే చాలనుకుంది. బ్లాగర్ డాట్ కామ్ అన్న అక్షరాలతో మొదలయ్యే సొంత డొమైన్ పెట్టుకున్నవాడి దగ్గర నుంచి కూడా ఫైళ్లు తెచ్చి, వెబ్‌కు తెరిచి ఉన్న క్యాష్ ఫోల్డర్‌లో పెట్టింది. తన సొంత సైటే దెబ్బతినడంతో కారణం వెతికిన మార్క్ మాండర్ దీన్ని పట్టుకున్నాడు. తర్వాత వర్డ్‌ఫెన్స్‌ను స్థాపించినది ఆయనే.

అప్పటి నుంచి ఇదే వరుస. 2013లో వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన జూమ్లాలో ఫైల్ పేరు చివర ఒక చుక్క అదనంగా పెడితే తనిఖీ దాటిపోయేది. 2020లో వ్యాఖ్యలకు ఫొటోలు జతచేసే డబ్ల్యూపీడిస్కస్ ప్లగిన్, ఫైల్ లోపలి తొలి బైట్లు ఫొటోలా ఉన్నాయా అని చూసి సరిపెట్టుకుంది, పేరు చివర ఏముందో చూడలేదు. కాబట్టి మొదట్లో ఫొటో గుర్తులు అతికించిన పీహెచ్‌పీ ఫైల్ ఫొటోగా చెల్లిపోయింది. అదే ఏడాది కాంటాక్ట్ ఫారం 7 అనే ప్లగిన్‌కు అనుబంధంగా వచ్చే ఒక డ్రాగ్ అండ్ డ్రాప్ ప్లగిన్‌లో ఏ రకాలను అనుమతించాలన్న జాబితాను పంపేవాడి బ్రౌజరే చెప్పేది. 2023 అక్టోబర్‌లో రెండు లక్షల సైట్లలో ఉన్న రాయల్ ఎలిమెంటార్ యాడాన్స్‌లోనూ ఇదే రకం తప్పు దొరికింది. నిషిద్ధమైన రకం మధ్యలో ఒక అదనపు గుర్తు పెడితే మొదటి తనిఖీ దాన్ని గుర్తుపట్టదు. ఆ తర్వాత పేరు శుభ్రం చేసే దశలో ఆ గుర్తు ఎగిరిపోయి నిషిద్ధమైన పేరే మిగులుతుంది. ముందు శుభ్రం చేసి తర్వాత తనిఖీ చేయాలన్న క్రమాన్ని తలకిందులు చేసినందుకు ఇంత జరిగింది.

కాంటాక్ట్ ఫారం 7లోనే 2020 డిసెంబర్‌లో ఒక లోపం దొరికింది. అప్పటికి యాభై లక్షల సైట్లలో ఉన్న ప్లగిన్ అది. ఫైల్ పేర్లలో ప్రత్యేక అక్షరాలను సరిగా తొలగించకపోవడం దాని సారం. 5.3.2లో సరిదిద్దారు. అన్ని సైట్లలో ఉన్నా దానివల్ల మెయిల్‌పొయెట్ స్థాయి విధ్వంసం జరగలేదు. కారణం గమనించదగింది. ఆ ప్లగిన్ వచ్చిన ఫైళ్లను తాత్కాలికంగా, ఊహకందని పేరున్న ఫోల్డర్‌లో పెడుతుంది. మెయిల్‌కు జతచేసి పంపగానే తీసేస్తుంది. ఆ ఫోల్డర్‌ను బయటినుంచి తెరవకుండా అడ్డు కూడా పెడుతుంది. రెండో ప్రశ్నకు జవాబు తప్పినా మూడో ప్రశ్నకు జవాబు కాపాడింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన సాక్ష్యంగా కనిపించేది ఇదే.

మూడో ప్రశ్న 'ఎక్కడ'. దీని గురించి మాట్లాడితే 2018 అక్టోబర్‌లో అకమాయ్ పరిశోధకుడు ల్యారీ క్యాష్‌డాలర్ బయటపెట్టిన జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ లోపం తప్పక చెప్పుకోవాలి. అది వర్డ్‌ప్రెస్ ప్లగిన్ కాదు, ఎన్నో ప్లగిన్లూ సాఫ్ట్‌వేర్లూ తమలో కలుపుకున్న ఉపకరణం. గిట్‌హబ్‌లో అప్పటికి దాన్నుంచి పుట్టిన శాఖలు 7,800కు పైనే. దాని రచయిత అజాగ్రత్తగా ఏమీ లేడు. అప్‌లోడ్ ఫోల్డర్‌లో కోడ్ నడవకూడదని హెచ్‌టీ‌యాక్సెస్ ఫైల్ పెట్టాడు. కానీ అపాచీ సర్వర్ 2010లో వచ్చిన 2.3.9 వెర్షన్ నుంచి ఫోల్డర్ల వారీ హెచ్‌టీయాక్సెస్ ఆదేశాలను, యజమాని ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, పట్టించుకోవడం మానేసింది. వేగం కోసం, భద్రత కోసమే ఆ మార్పు చేశారు. తాళం అక్కడే ఉంది, తలుపు దాన్ని గుర్తించడం మానేసింది. ఎనిమిదేళ్లపాటు ఆ సంగతి రచయితకు తెలియలేదు, దాడి చేసేవారికి తెలుసు. ఎలా దూరాలో చూపే వీడియోలు 2015 నుంచే యూట్యూబ్‌లో ఉన్నాయి.

ఇవాళ్టికీ దీని నీడ ఉంది. అప్‌లోడ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా చేస్తామని చెప్పే భద్రతా ప్లగిన్లు చాలావరకు హెచ్‌టీయాక్సెస్ ఫైలే రాస్తాయి. ఎన్జింక్స్ సర్వర్ ఆ ఫైల్‌ను అసలు చదవదు. ఎన్జింక్స్ మీద నడిచే సైట్ యజమాని డాష్‌బోర్డులో పచ్చటి టిక్కు చూసి నిశ్చింతగా ఉంటాడు, సర్వర్‌లో మాత్రం అడ్డేమీ ఉండదు.

మరి అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో కోడ్ నడవకుండా సర్వర్ సెట్టింగులోనే ఆపేస్తే అన్నీ తీరతాయా? తీరవు. డబ్ల్యూపీ ఫైల్ మేనేజర్ దాడిలో ఫైళ్లు పడింది అప్‌లోడ్స్‌లో కాదు, ఆ ప్లగిన్ సొంత ఫోల్డర్‌లో. టిమ్‌థంబ్ క్యాష్ థీమ్ ఫోల్డర్‌లో ఉండేది. కాబట్టి నియమం ఇంకొంచెం విశాలంగా ఉండాలి: వెబ్ సర్వర్ రాయగలిగిన చోట కోడ్ నడవకూడదు, కోడ్ నడిచే చోట వెబ్ సర్వర్ రాయకూడదు. చెప్పడానికి సులువే. కానీ వర్డ్‌ప్రెస్ ప్రజాదరణకు మూలమైన సౌకర్యం దీనికి అడ్డం వస్తుంది. డాష్‌బోర్డులో ఒక్క నొక్కుతో ప్లగిన్ పెట్టుకోవాలన్నా, దానంతటదే అప్‌డేట్ కావాలన్నా ప్లగిన్ల ఫోల్డర్‌లో సర్వర్ రాయగలగాలి. 2020 ఆగస్టులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.5 ప్లగిన్ల ఆటో అప్‌డేట్‌ను డాష్‌బోర్డులోకి తెచ్చింది. మూడు వారాలకే ఫైల్ మేనేజర్ దాడి జరిగింది. ఆటో అప్‌డేట్ పెట్టుకున్నవారు త్వరగా బయటపడే వీలు కలిగింది. అంటే రాయగలిగే ఆ ఫోల్డరే గాయానికీ కారణం, మందుకూ దారి. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే, నిపుణుల అండ లేని చిన్న సైట్లకు నేను ఆటో అప్‌డేట్‌నే ఎంచుకోమంటాను. ప్లగిన్ల ఫోల్డర్‌ను అలా వదిలినా, కనీసం అప్‌లోడ్స్, క్యాష్ ఫోల్డర్లలో కోడ్ నడవకుండా ఆపితే దాడుల్లో పెద్ద భాగం అక్కడే ఆగిపోతుంది. నిపుణులున్న సంస్థలు మాత్రం కోడ్‌ను సర్వర్ రాయలేని చోట ఉంచి, అప్‌డేట్లను విడిగా చేసుకోవాలి. బయటివాళ్ల ఫైళ్లను వేరే నిల్వలో, వేరే డొమైన్ మీద పెట్టుకోవాలి.

అప్‌డేట్ అన్ని జబ్బులకూ మందు కాదని కూడా చెప్పాలి. లోపం మూసుకుంటుంది, కానీ అప్పటికే లోపలికొచ్చిన ఫైల్ ఎక్కడికీ పోదు. అప్‌డేట్ చేశాక కూడా అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు ఉన్నాయా, తెలియని అడ్మిన్ ఖాతాలు పుట్టాయా అని వెతకాలి. ఇంకోటి, అప్‌డేటే రాని ప్లగిన్లు ఉన్నాయి. కస్వారా అనే యాడాన్‌లో 2021 ఏప్రిల్‌లో ఇలాంటి లోపమే బయటపడితే దాన్ని అమ్మకం నుంచి తీసేశారు, సవరణ మాత్రం రాలేదు. 2022 జులైలో దాన్ని వెతుక్కుంటూ దాడి చేసేవారు దాదాపు 16 లక్షల సైట్ల తలుపులు తట్టారు. ఆ ప్లగిన్ నిజంగా ఉన్న సైట్లు కొన్ని వేలే. అయినా వాళ్లకు తట్టి చూడటానికి ఖర్చేమీ లేదు. మా చిన్న సైట్‌ను ఎవరు పట్టించుకుంటారన్న మాటకు ఇదే జవాబు. ఇక్కడ మనిషి ఎంచుకోవడం ఉండదు, యంత్రం అందరి తలుపూ తడుతుంది.

ఎస్‌వీజీ బొమ్మల సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి. అవి చూడటానికి బొమ్మలే అయినా లోపల స్క్రిప్టు దాచుకోగలవు. అది సర్వర్‌లో కాక చూసేవారి బ్రౌజర్‌లో నడుస్తుంది. అందుకే వర్డ్‌ప్రెస్ వాటిని మామూలుగా అనుమతించదు. లోగో కోసమని వాటిని తెరిచే ప్లగిన్ పెట్టుకునేవారు, శుద్ధి చేసే ప్లగిన్‌నే ఎంచుకోవాలి.

మన దేశంలో ఈ నష్టం ఎక్కువగా జూదం పేజీల రూపంలో బయటపడుతోంది. సైట్ పైకి మామూలుగానే ఉంటుంది, సెర్చ్‌లో మాత్రం దాని పేరు కింద బెట్టింగ్ లింకులు వస్తాయి. 2024 మేలో తెలంగాణ సహా అనేక రాష్ట్రాల ప్రభుత్వ డొమైన్లలో ఇలాంటి లింకులు ఉన్నట్టు వార్తలొచ్చాయి. ఒక సైట్‌లోకి ఇలాంటి పేజీలు రావడానికి దారులు చాలా ఉన్నాయి, అప్‌లోడ్ లోపం వాటిలో ఒకటి. చట్టం వైపు చూస్తే, 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, సర్వర్ లాగ్ రికార్డులను 180 రోజులు ఉంచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది. మన ఊళ్లలో కాలేజీ, ఆస్పత్రి, చిట్‌ఫండ్, ట్రస్టు సైట్లను ఒకసారి చేయించి ఏళ్ల తరబడి వదిలేస్తారు. చేసిచ్చినవారికి నిర్వహణ డబ్బు ఇవ్వరు. ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు, రిపోర్టులు మాత్రం ఆ సైట్లలోకే అప్‌లోడ్ చేయించుకుంటారు. ఇచ్చినవాళ్లు మనల్ని నమ్మి ఇచ్చారు.

బాధ్యత ఎవరిదంటే, నా తీర్పులో మొదటి వాటా ప్లగిన్ రాసేవారిది, రెండోది హోస్టింగ్ కంపెనీలది. రాసేవారు లక్షమంది ఉంటారు, అందరూ అన్నివేళలా తప్పు చేయకుండా ఉండరు. హోస్టింగ్ కంపెనీలు అంతకంటే చాలా తక్కువ. అప్‌లోడ్ ఫోల్డర్లలో కోడ్ నడవకుండా అవి తమ సర్వర్లలో మొదటినుంచే ఆపేస్తే, ప్లగిన్లలో వచ్చే తప్పుల్లో చాలావాటికి కోరలుండవు. కొన్ని కంపెనీలు చేస్తున్నాయి. మిగతావి అడిగితే తప్ప చేయవు.

కాబట్టి అడగండి. మీకు వెబ్‌సైట్ ఉంటే, దాన్ని చూసుకునేవారికి ఈ వారం ఫోన్ చేసి నాలుగు విషయాలు తెలుసుకోండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా సర్వర్ స్థాయిలో ఆపారా? ఒక పరీక్ష ఫైల్ పెట్టి అది నిజంగా ఆగుతోందని చూశారా? వాడని ప్లగిన్లు, థీమ్‌తో వచ్చిన ప్లగిన్లు ఏవేవి ఉన్నాయి, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయ్యాయి? బయటివాళ్లు పంపిన పత్రాలు సర్వర్‌లో ఎంతకాలంగా పడి ఉన్నాయి? జవాబు రాకపోతే, వచ్చేదాకా సైట్‌లో ఆ అప్‌లోడ్ ఫారాన్ని తీసేయించండి.